ఆ ఒక్క అంకె దగ్గర ఆగండి: ఎముకల డాక్టర్లకు ఒక దర్జీ కూతురి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎముకల ఆపరేషన్లు చేసే డాక్టరు గార్లందరికీ,

నమస్కారం.

మా నాన్న దర్జీ. కనిగిరి దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు మిషను తొక్కారు. ఊరందరి కొలతలూ రాసే నోటుబుక్కులో చివరి పేజీ ఆయనది. తన బట్టలు తనే కుట్టుకునేవారు. ఆ పేజీలో ఒకచోట కుడికాలు ఎడమకాలి కన్నా అర అంగుళం తక్కువ అని ఉంటుంది. ఏడాది తర్వాత ముప్పావు అంగుళం. దాని కింద, కుడి పిక్క చుట్టుకొలత పెరిగిందని ఇంకో గీత. "ప్యాంటు ఎంత బాగా కుట్టినా ఇస్త్రీ మడత నిటారుగా పడట్లేదే అమ్మాయ్, పక్కకి తిరుగుతోంది" అనేవారు. తప్పు కత్తిరింపులో ఉందేమోనని రెండుసార్లు విప్పి కుట్టారు. తప్పు గుడ్డలో లేదు, ఎముకలో ఉంది. అది మాకు తెలియడానికి ఐదేళ్లు పట్టింది. తెలిసింది కూడా ఆపరేషను అయిపోయాకే. అందుకే ఈ లేఖ.

నాన్నకున్నది ఎముకలకు వచ్చే పేజెట్స్ జబ్బు. మీరందరూ చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం ఒక పేజీ చదివి ఉంటారు. తర్వాత చాలామందికి ఒక్క రోగి కూడా కనిపించి ఉండరు. అందులో మీ తప్పు లేదు. ఇది ఇంగ్లండులో, ముఖ్యంగా లాంకషైర్ ప్రాంతంలో ఎక్కువ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు వలస వెళ్లినవాళ్లలోనూ ఉంది. ఆసియాలో అరుదు. కానీ అరుదంటే లేదని కాదు. తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆస్పత్రి డాక్టర్లు తాము చూసిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో రాశారు. అంటే మన పక్కనే, మన దక్షిణాదిలోనే ఈ రోగులు ఉన్నారు. తుంటి నొప్పి, మోకాలి నొప్పి అంటూ వాళ్లు వచ్చేది మీ దగ్గరికే.

మా సంగతి వరసగా చెబుతాను.

మొదట చూసిన డాక్టరు గారు ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా ఉండడం చూసి "మీ నీళ్ల వల్లే, ఫ్లోరైడు" అన్నారు. మేం వెంటనే నమ్మేశాం. నమ్మకేం చేస్తాం? మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట 1937లో వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే, ఇప్పటి మా ప్రాంతం గురించే. మా తాత తరంలో నడుం వంగిపోయినవాళ్లు వీధికి ఇద్దరుండేవారు. అయితే ఇప్పుడు నేర్చుకున్నాక ఒక మాట అడగాలనిపిస్తుంది. ఫ్లోరైడు వెన్నెముకనూ కటి ఎముకలనూ అన్నివైపులా ఇంచుమించు సమంగా గట్టిపరుస్తుంది. ముంజేతి ఎముకల మధ్య పొర కూడా సున్నం పట్టి గరుకుగా కనిపిస్తుంది. నాన్నకు ముంజేతులు శుభ్రంగా ఉన్నాయి. ఒక్క కుడివైపే తొడ ఎముక, పిక్క ఎముక, కటిలో సగం పెరిగి, మందమెక్కి, వంగి ఉన్నాయి. ఊరి పేరు వినగానే జబ్బు పేరు తట్టడం సహజమే. కానీ ఆ తట్టిన పేరు దగ్గరే అందరం ఆగిపోయాం.

రెండేళ్లకు నొప్పి తుంటిలోకి వచ్చింది. పేరున్న ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివరు నుంచీ ఎముకల నుంచీ రక్తంలోకి వచ్చే ఒక ఎంజైము) 742. ఉండాల్సింది 130 లోపు. ఆ అంకె, ఎక్స్‌రేలో ఆ తెలుపు కలిపి చూసి, ప్రోస్టేట్ కాన్సర్ ఎముకలకు పాకిందేమో చూడాలన్నారు. చూడాల్సిందే, అది సరైన అనుమానమే. ఆ రెండు రోజులూ అమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఒక్క ముద్ద ముట్టలేదు. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష మామూలుగా వచ్చింది, పొట్ట స్కానింగులోనూ ఏమీ లేదు. "కాన్సర్ కాదమ్మా" అని చెప్పగానే అమ్మ అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ సంతోషంలో అసలు ప్రశ్న జారిపోయింది. కాన్సర్ కాకపోతే మరి ఏమిటి? 742 ఎందుకుంది? లివరు పరీక్షల్లో మిగతావన్నీ సరిగ్గా ఉన్నప్పుడు, కాల్షియం, ఫాస్ఫరస్ మామూలుగా ఉన్నప్పుడు, ఆ ఒక్కటే ఎందుకు అంత ఎత్తున ఉంది? డాక్టర్లు అడగలేదు, మేమూ అడగలేదు. "లివరు కొంచెం ఎక్కువుంది, ఫర్వాలేదు" అన్నారు. తుంటి అరిగింది, మార్చాలి అని తేదీ ఇచ్చారు.

రెండు గంటల్లో అయిపోతుందన్న ఆపరేషను దాదాపు ఐదు గంటలు పట్టింది. సిద్ధంగా ఉంచిన రెండు యూనిట్ల రక్తం మొదటి గంటన్నరలోనే అయిపోయింది. ఇంకో మూడు కావాలని నర్సమ్మ పరుగున వచ్చి చెప్పింది. మా చిన్నాన్న కొడుకు, నాన్నతో పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లు రాత్రిపూట బ్లడ్ బ్యాంకు దగ్గర చేతులు చాచి కూర్చున్నారు. సర్జన్ గారు బయటికొచ్చేసరికి ఆయన టోపీ చెమటకు తడిసి ఉంది. "ఎముక ఒకచోట రాయిలా ఉందమ్మా, ఇంకోచోట స్పాంజిలా రక్తం కారుతోంది. కొత్త తుంటి కాడ ఎముకలోకి దిగే దారే వంకరగా ఉంది. పరికరం పక్కనుంచి బయటికి పొడుచుకొస్తుందేమోనని భయపడ్డాను. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఆయన దాచకుండా చెప్పిన ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. తీసేసిన తుంటి బంతిని పారేయకుండా పరీక్షకు పంపింది కూడా ఆయనే. పన్నెండు రోజుల తర్వాత కాగితం వచ్చింది. ముక్కలు ముక్కలుగా అతికించిన మొజాయిక్ గచ్చులా ఎముక అల్లిక ఉందని, పేజెట్స్ జబ్బు అని.

నాన్నకు ఈ జబ్బేమిటో వేరే ఊళ్లో ఒక హార్మోన్ల డాక్టరు గారు విడమరిచి చెప్పారు. మన ఎముక రాయి కాదు. పాత ఎముకను తినే కణాలు, కొత్తది కట్టే కణాలు లోపల ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లలో ఏడాదికి ఇంచుమించు పదో వంతు అస్థిపంజరం ఇలా కొత్తదవుతుంది. పేజెట్స్ పట్టినచోట తినే కణాలు పెద్దవై, ఎక్కువై, అదుపు తప్పుతాయి. ఆ వేగాన్ని అందుకోవాలని కట్టే కణాలు హడావిడిగా, వరస లేకుండా కట్టేస్తాయి. ఎముక లావవుతుంది గానీ బలం ఉండదు, బరువుకు వంగుతుంది. ఆ పని అంతా జరగడానికి రక్తనాళాలు బోలెడు పుట్టుకొస్తాయి. నాన్న అంతా విని తన భాషలో చెప్పుకున్నారు: "విప్పేవాడు తొందరపడుతున్నాడు, కుట్టేవాడు వాడి వెనకాల పడి వంకర కుట్లు వేస్తున్నాడు. అంతేగా?" అంతే. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఆ అంకె, కుట్టేవాడు ఎంత హడావిడిలో ఉన్నాడో చెప్పే లెక్క.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. రాత్రిళ్లు నేను నాన్న కాళ్లకు నూనె రాసేదాన్ని. కుడి పిక్క ఎముక మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. ఎడమది మామూలు. వేణ్ణీళ్ల సీసా ఆనించి తీసినట్టు ఒక్క ఆ ఎముక పొడవునా వెచ్చదనం. జ్వరమేమో అనుకుని థర్మామీటరు పెట్టేదాన్ని, ఉండేది కాదు. ఆ ఎముకలోకి అంత రక్తం పారుతోందని, అందుకే వెచ్చగా ఉందని ఇప్పుడు తెలుసు. ఐదేళ్లలో మేం చూపించిన డాక్టర్లలో ఒక్కరైనా రెండు కాళ్లమీదా రెండు చేతులూ పెట్టి చూసి ఉంటే వాళ్లకూ తెలిసేది. ఎక్స్‌రేను లైటు ముందు ఎత్తి పట్టుకుని చూశారు, ఆ కాలిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఈ మాట కోపంతో రాయడం లేదు. రోజుకు వంద మందిని చూడాల్సిన మీ ఓపీ నాకు తెలుసు, అక్కడ టోకెను పట్టుకుని నిలబడ్డదాన్నే.

జేమ్స్ పేజెట్ అనే లండన్ సర్జన్ 1876లో ఈ జబ్బు గురించి వైద్యుల సభలో చదివారు, మరుసటేడు అది అచ్చయింది. ఆయన మొదటి రోగిని 1856 నుంచి, అంటే ఇరవై ఏళ్లు కనిపెట్టి చూశారు. ఆ రోగికి తల ఎముక పెరిగి టోపీ సైజు మార్చుకుంటూ పోవాల్సి వచ్చిందట. అది చదివినప్పుడు నాన్న నోటుబుక్కు చివరి పేజీ గుర్తొచ్చి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. అక్కడ టోపీ, ఇక్కడ ప్యాంటు. అప్పుడు మందు లేదు. ఇప్పుడు ఉంది.

మందు సంగతికి వస్తాను. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఒక్కసారి, నరంలోకి కనీసం పదిహేను నిమిషాల పాటు. అదుపు తప్పి తినే కణాలను అది అణచివేస్తుంది. 2005లో అచ్చయిన పెద్ద పరీక్షలో ఒక్క డోసుతో ఆరు నెలల్లో నూటికి 96 మందికి గుణం కనిపించింది. 2014లో అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం, ఎండోక్రైన్ సొసైటీ, ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జబ్బుకు మొదటి మందుగా దీన్నే చెప్పారు. జబ్బు పట్టిన ఎముక మీద ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషను ఉంటే, దానికి ముందు ఇలాంటి మందుతో జబ్బును చల్లార్చమనీ సూచించారు. ఆరు వారాల నుంచి మూడు నెలల ముందు ఇస్తే ఎముకలోకి రక్తం పారడం తగ్గుతుందని ఈ పనిలో అనుభవమున్న సర్జన్లు అంటారు.

దీనికి గట్టి రుజువు లేదని మీలో కొందరు అంటారు. నిజమే. మందు ఇచ్చి సగం మందికి, ఇవ్వకుండా సగం మందికి ఆపరేషను చేసి రక్తం కొలిచి చూసిన పెద్ద పరీక్ష లేదు. ఇంత అరుదైన జబ్బులో అలాంటిది తేలిక కూడా కాదు. కానీ ఆలోచించండి. ఆ మందు ఎలాగూ జబ్బుకు ఇవ్వాల్సిందే. తుంటి మార్పిడి రేపే జరగాలన్న తొందర సాధారణంగా ఉండదు. మూడు నెలలు ఆగితే పోయేదేముంది?

పైగా, ఆగితే అసలు ఆపరేషనే అక్కర్లేకపోవచ్చు. నొప్పి అరిగిన కీలులోదా, జబ్బు పట్టిన ఎముకలోదా, నడుం నరం నుంచి దిగేదా అన్నది ముందు తేలాలి. ఎముక నొప్పి అయితే మందుతోనే బాగా తగ్గుతుంది. కీలు అరుగుదలయితే మందు దాన్ని వెనక్కి తిప్పలేదు, అప్పుడు మార్పిడే దారి. కీలులోకి మత్తు ఇంజెక్షను ఇచ్చి నొప్పి తగ్గుతుందా లేదా అని చూస్తే ఈ తేడా కొంతవరకు తెలుస్తుందని మాకు తర్వాత చెప్పారు. నాన్నకు అదీ చేయలేదు. ఆయన తుంటి నిజంగానే అరిగింది కాబట్టి ఆపరేషను తప్పేది కాదేమో. ఇంకొకరికి తప్పవచ్చు.

మందు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి కూడా రాస్తాను, ఎందుకంటే సగం తెలిసి ఇస్తే అదీ ప్రమాదమే. మా దగ్గర ఇంత ఎండ ఉన్నా నాన్నకు విటమిన్ డి బాగా తక్కువగా ఉంది. పగలంతా నీడన మిషను మీద కూర్చునే మనిషి కదా. డి, కాల్షియం సరిచేయకుండా ఈ ఇంజెక్షను ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. ఇచ్చాక కూడా కనీసం రెండు వారాలు కాల్షియం, డి ఆపకూడదు. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఇది ఇవ్వకూడదు. పళ్లు పీకించుకోవాల్సి ఉంటే ముందే పీకించుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చని ముందుగా చెప్పండి. నాన్నకు మొదటి రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. చెప్పి ఉంచారు కాబట్టి పారాసిటమాల్ వేసి పడుకోబెట్టాం. చెప్పి ఉండకపోతే అర్ధరాత్రి ఆటో వెతుక్కునేవాళ్లం.

ఆ ఇంజెక్షను తర్వాత పదో వారంలో ఒక రాత్రి నూనె రాస్తూ ఆగిపోయాను. కుడికాలు, ఎడమకాలు ఒకేలా ఉన్నాయి. వెచ్చదనం పోయింది. రక్తపరీక్ష చేయిస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 96. నూనె గిన్నె పక్కన పెట్టి అమ్మను పిలిచి తన చెయ్యి పెట్టించాను.

మరుసటి ఏడాది అదే కాలికి మోకాలు మార్చాల్సి వచ్చింది. వంగిన ఎముక మీద మోకాలు ఏళ్ల తరబడి పక్కకు ఒత్తుకుని అరిగిపోయింది. ఈసారి సర్జన్ గారు ముందు నోటుబుక్కు చివరి పేజీ చూశారు! తర్వాత తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్లకూ పొడుగు ఎక్స్‌రేలు, ముందునుంచీ పక్కనుంచీ తీయించారు. ఒళ్లంతా ఒకసారి బోన్ స్కాన్ చేయించి ఏయే ఎముకల్లో జబ్బుందో చూశారు. వంకర తొడ ఎముకలోకి మామూలుగా దించే కడ్డీ దిగదు, దాని దారిని నమ్మి కోస్తే మోకాలు వంకరగా కూర్చుంటుందని చెప్పి, కొలతలు బయటినుంచే తీసుకున్నారు. ఆపరేషను రెండు గంటల లోపే అయింది, ఒక్క యూనిట్ రక్తం పట్టింది. తుంటీ మోకాలూ ఒకటి కావు, మోకాలికి తొడ దగ్గర పట్టీ బిగించి రక్తం ఆపి చేస్తారు. కాబట్టి రెండు ఆపరేషన్లనూ పక్కపక్కన పెట్టి ఇదే రుజువు అని నేను వాదించను. కానీ మొదటిసారి సర్జన్ గారికి లోపల ఏముందో తెలియదు. రెండోసారి ఆయనకు తెలుసు. ఆ తేడా మాత్రం నేను కళ్లారా చూశాను.

మొదటి తుంటి చుట్టూ తర్వాత ఆరు నెలల్లో ఉండకూడని చోట కొత్త ఎముక పెరిగింది. ఈ రోగుల్లో అలా జరగడం ఎక్కువని, ముందే తెలిస్తే కొన్ని మందులతోనో, ఒక్కసారి ఇచ్చే చిన్న రేడియేషన్‌తోనో అడ్డుకోవచ్చని తెలిసేసరికి ఆ అవకాశం దాటిపోయింది. నాన్న తుంటి ఇప్పటికీ పూర్తిగా వంగదు. మిషనుకు కరెంటు మోటారు పెట్టించాం.

ఇక నా అభ్యర్థన. తుంటికో మోకాలికో తేదీ ఇచ్చే ముందు ప్రతి రోగి రిపోర్టులోనూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడండి. అది ఎలాగూ ఆ కాగితం మీద ఉంటుంది, కొత్త ఖర్చేమీ లేదు. లివరు బాగుండి అదొక్కటే ఎక్కువగా ఉంటే అక్కడ ఆగండి. కాన్సర్ కాదని తేలాక కూడా ఆగే ఉండండి, ఏమిటో తేలేదాకా. ఆ అంకె మామూలుగా ఉన్నా, ఒక్క ఎముకే లావై వంగి కనిపిస్తే అప్పుడూ ఆగండి, ఒకే ఎముకలో జబ్బుంటే అంకె పెరగకపోవచ్చు. ఆ కాలిమీద చెయ్యి పెట్టి చూడండి. ఒక హార్మోన్ల డాక్టరుకు ఫోను చేయండి.

విరిగిన ఎముకతో వచ్చినవాళ్లకు ఆగే వీలుండదు, నాకు తెలుసు. వంగిన తొడ ఎముక బయటి వంపు మీద సన్నని చీలికలతో మొదలై ఒక రోజు అడ్డంగా విరుగుతుంది. అలాంటివాళ్లకు రక్తం ఎక్కువ సిద్ధం చేయండి, గట్టి ఎముకను తొలిచే పదునైన పరికరాలు, వేర్వేరు సైజుల కడ్డీలు ముందే తెప్పించుకోండి. మొదటి ఆపరేషనులో ఆ సర్జన్ గారికి లేకపోయింది చేయి నేర్పు కాదు, ముందస్తు కబురు. ఇంకొకటి, పాత పేజెట్స్ రోగికి ఉన్నట్టుండి కొత్త నొప్పి, వాపు వస్తే అరుగుదల అని కొట్టిపారేయకండి. నూటికి ఒకరికన్నా తక్కువ మందికే అయినా, ఆ ఎముకలోనే కాన్సర్ పుట్టడం ఉంది.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ పథకాలు నడిపే అధికారులకు కూడా ఒక్క మాట. కీళ్ల మార్పిడికి అనుమతి కోరుతూ వచ్చే కాగితాల్లో ఈ అంకె ఎంతో చెప్పే గడి ఒకటి ఉంచండి. ఎక్కువుంటే కారణం రాయమనండి. ఆపరేషనుకు ముందు ఇచ్చే ఈ ఇంజెక్షను ఖర్చు కూడా రోగి జేబు మీద పడకుండా చూడండి. ఐదు యూనిట్ల రక్తం, మూడు రోజుల ఐసీయూ ఖర్చుతో పోలిస్తే అది ఎంతో మీకే తెలుసు.

నేను డాక్టరును కాను. నాన్న కాగితాలు మోసినదాన్ని. నా దగ్గర ఆయన ఎక్స్‌రేలు పద్నాలుగు, రక్తపరీక్షలు ఐదేళ్లవి, బయాప్సీ రిపోర్టు, బోన్ స్కాన్, ఆ నోటుబుక్కు పేజీ అన్నీ ఒక సంచీలో వరసగా ఉన్నాయి. ఏ మెడికల్ కాలేజీలోనైనా పీజీ విద్యార్థులకు చూపించాలనుకుంటే పేరు తీసేసి వాడుకోవచ్చు, నాన్న ఒప్పుకున్నారు. "నన్ను కూడా రమ్మంటే వస్తాను, కాలు ముట్టుకుని చూసుకోమను" అన్నారు.

ఇట్లు,
కనిగిరి ప్రాంతపు దర్జీ కూతురు